దించని తోక

అనగనగా ఒక అడవి. మన నల్లమల కాదు, మన్యమూ కాదు. సముద్రాలు దాటి వెళ్తే, మనం కూరలో వేసుకునే మిరపకాయా, నిప్పుల మీద కాల్చుకు తినే మొక్కజొన్నా మొట్టమొదట పుట్టిన దేశాలున్నాయి. అటువైపు అడవి. అక్కడ కోవాటి అనే జంతువు ఉంటుంది. ఆ పేరు ఎప్పుడూ వినలేదు కదూ? అయితే ముందు దాన్ని చూపిస్తాను, తర్వాత కథ.

కోవాటి మన ఇంటి పిల్లికంటే కాస్త పెద్దది. చూడటానికి ముంగిసకు పెద్దన్నలా ఉంటుంది. మూతి సన్నగా, పొడుగ్గా, చివర తెల్లగా ఉంటుంది. ఆ మూతిని ఎటు కావాలంటే అటు తిప్పగలదు. రాలిన ఆకుల్ని మూతితో ఎగదోసి, కింద దాక్కున్న పురుగుల్నీ సాలీళ్ళనీ పట్టి తింటుంది. వెనక కాళ్ళ చీలమండలు పూర్తిగా వెనక్కి తిరుగుతాయి. అందుకని ఎంత ఎత్తు చెట్టు మీంచైనా తల కిందికి పెట్టి గబగబా దిగేస్తుంది. మీరు మాత్రం ప్రయత్నించకండి, పళ్ళు రాలతాయి.

ఇక తోక. అది ఒంటి పొడవంత ఉంటుంది, మసక చారలతో. నడిచేటప్పుడు దాన్ని జెండా కర్రలా పైకి నిలబెడుతుంది. ఈ కథంతా ఆ తోక గురించే.

ఆ అడవిలో ఇరవై ఆరు కోవాటీల మంద ఒకటి ఉండేది. మందలో అందరూ ఆడవాళ్ళూ, పిల్లలూను. అమ్మమ్మలు, పెద్దమ్మలు, పిన్నులు, అక్కచెల్లెళ్ళు. మగపిల్లలకు రెండేళ్ళు నిండగానే "నాయనా, పెద్దవాడివయ్యావు, ఇక నీ తిండి నువ్వు చూసుకో" అని పంపేసేవారు. ఆ తర్వాత వాళ్ళు ఒంటరిగా తిరగాల్సిందే. ఏడాదిలో కొన్నాళ్ళు మాత్రం మందలోకి రానిచ్చేవారు. మిగతా రోజుల్లో వచ్చారో, అందరూ కలిసి పళ్ళు చూపించి తరిమేవారు. మగవాళ్ళలో కొందరు పసిపిల్లల్ని కరిచి చంపుతారని వాళ్ళకు భయం. ఆ భయం ఉత్తది కాదు.

మందకు పెద్ద చారలమ్మ. ఒక చెవి చిరిగిపోయి, మూతి మీద వెంట్రుకలు నెరిసిన ముసలిది. మందలో సగం మంది దాని కూతుళ్ళూ మనవరాళ్ళే. మిగతా సగం కూడా అమ్మమ్మా అనే పిలిచేవారు. చారలమ్మ మాటంటే మాటే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం.

మందలో గోరింట అనే ఒక తల్లి ఉండేది. ఒళ్ళు గోరింటాకు పండినట్టు ఎర్రగా ఉండేది కాబట్టి ఆ పేరు. కోవాటి తల్లులు కాన్పు వేళకు మంద వదిలి, ఎత్తైన చెట్టు కొమ్మల్లో పుల్లలతో గూడు కట్టుకుని, అక్కడ ఒంటరిగా పిల్లల్ని కంటారు. ఐదారు వారాలయ్యాక పిల్లల్ని దింపి, మందలోకి తెస్తారు. గోరింట అలా ముగ్గురు పిల్లల్ని తెచ్చింది. గింజ, తొన, పిందె.

పిల్లలకు గోరింట అన్నీ నేర్పింది. నూగు సాలీడు దొరికితే వెంటనే నోట్లో వేసుకోకూడదు. ముందు కాళ్ళతో నేల మీద బాగా దొర్లించాలి. నూగంతా ఊడిపోయాకే తినాలి. లేకపోతే నాలుక మండిపోతుంది. గింజ ఒక్కసారికే నేర్చుకుంది. తొనకు నాలుక ఒకసారి మండాక వచ్చింది. పిందె సాలీణ్ణి దొర్లిస్తూ దొర్లిస్తూ దానితో ఆటలో పడి, అది పారిపోయాక ఏడ్చింది.

చెట్టు దిగడం కూడా అంతే. గింజా తొనా తల కిందికి పెట్టి జరజరా దిగేవారు. పిందెకు భయం. తోక కిందికి పెట్టి, ఒక్కొక్క అడుగూ తడుముకుంటూ, చెట్టును కౌగిలించుకుని దిగేది.

"తల ముందు పెట్టవే, ఎక్కడికి దిగుతున్నావో కనబడుతుంది" అనేది గోరింట.

"కనబడితే భయమేస్తుందమ్మా" అనేది పిందె.

మంద రోజూ తెల్లారాక చెట్లు దిగి, మేడి తోపుకు వెళ్ళేది. అది మేడిపళ్ళ కాలం. కానీ తోపుకు వెళ్ళాలంటే మధ్యలో పెద్ద గడ్డిబీడు దాటాలి. గడ్డి మీకు నడుము దాకా వస్తుంది. కోవాటి పిల్లకు అది అడవిలో ఇంకో అడవి. దాంట్లో దిగితే ముందు ఉన్న తల్లి వీపు కూడా కనబడదు. కనబడేది ఒక్కటే, గడ్డి పైకి నిలబడిన తోకలు. పిల్లలు ఆ తోకలు చూసుకుంటూ నడిచేవారు. దారి తప్పితే ఆగి, తల ఎత్తి, తోకల కోసం చూసేవారు. ఇరవై ఆరు తోకలూ వరసగా వెళ్తుంటే తప్పిపోవడం కష్టం.

ఆ బీడులో మచ్చల దొర ఉండేవాడు. దొర అంటే మనిషి కాదు, జాగ్వార్. చిరుతకంటే బరువైనవాడు, ఒంటి నిండా నల్ల మచ్చలు. దవడతో తాబేలు చిప్ప కూడా కొరికేయగలడు. కిందటేడు మందలో ఒక పెద్దమ్మను పట్టుకుపోయాడు. అప్పటి నుంచి అందరికీ అతని పేరు వింటేనే వణుకు.

ఒక ఉదయం మంద ఇంకా చెట్ల మీదే ఉంది. మచ్చల దొర తీరిగ్గా వచ్చి, కింద బండ మీద కూర్చున్నాడు. కాళ్ళు నాకి శుభ్రం చేసుకున్నాడు. అప్పుడు తల ఎత్తాడు.

"చారలమ్మా, నీతో ఒక మాట చెప్పి పోదామని వచ్చాను" అన్నాడు.

"ఏమిటి దొరా?" అంది చారలమ్మ, పై కొమ్మ వదలకుండా.

"మీరు నా బీడులో తోకలు నిగిడించుకుని నడుస్తున్నారు. నా ముందు అంత పొగరు నాకు నచ్చలేదు. రేపటి నుంచి తోకలు దించి నడవండి. అలా నడిస్తే మీ మందలో ఒక్కదాన్ని కూడా ముట్టను. మాట అంటే మాటే."

కొమ్మల్లో గుసగుసలు లేచాయి. ముట్టడట! ఒక్కదాన్ని కూడా ముట్టడట!

"ఒకటి మాత్రం గుర్తుంచుకో" అన్నాడు దొర లేస్తూ. "నేను మాటిచ్చింది మందకు. మంద విడిచి తిరిగేదానికి కాదు. అలాంటిది నాకు ఎదురుపడితే, అది నా తిండి."

"మా వాళ్ళెవరూ మంద విడవరు దొరా" అంది చారలమ్మ.

"మరింకేం" అని నవ్వి వెళ్ళిపోయాడు.

గోరింటకు ఆ నవ్వు నచ్చలేదు. చారలమ్మ కొమ్మ దగ్గరికి పాకి వెళ్ళింది.

"అమ్మమ్మా, తోకలు దించితే పిల్లలకు దారి ఎలా తెలుస్తుంది?"

"తల్లిని ఆనుకుని నడవాలి. తోకలు ఎత్తితే మనం ఎక్కడున్నామో ఆ దొరకు కూడా తెలుస్తుంది కదా. ఇన్నాళ్ళూ మనమే మన జాడ చెప్పుకుంటున్నాం."

"అతనికి ముక్కు లేదా అమ్మమ్మా? తోకలు కనబడకపోయినా వాసన పట్టుకుని వస్తాడు. మన పిల్లలకే తోక తప్ప వేరే గుర్తు లేదు."

"నువ్వు నిన్న కన్నావు, నేను పదేళ్ళుగా కంటున్నాను" అంది చారలమ్మ. "ఇది మంద మాట. బీడులో తోక ఎత్తినవాళ్ళకు ఇక మందలో చోటు లేదు. నడుస్తుంటే ఆగకూడదు, అరవకూడదు. విన్నారా అందరూ?"

అందరూ విన్నారు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందట. ఈ మాట చెప్తుంటే నాకే ఒళ్ళు మండుతోంది, అక్కడున్న గోరింటకు ఎలా ఉండి ఉంటుందో మీరే ఆలోచించండి. కానీ గోరింట కూడా మర్నాడు తోక దించింది. ముగ్గురు పిల్లల తల్లి. మంద లేకపోతే పిల్లల్ని ఎలా సాకుతుంది? తోక ఈడ్చుకుంటూ అందరితో పాటే నడిచింది.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. మచ్చల దొర కనబడలేదు. "చూశారా!" అంది చారలమ్మ.

ఐదో రోజు మేడి తోపు చేరాక చినుకు పిన్ని పిల్ల మొగ్గ కనబడలేదు. చినుకు తోపంతా తిరిగింది, పిలిచింది. బీడు అంచున నిలబడి చీకటి పడేదాకా చూసింది. మొగ్గ రాలేదు.

"ఆ పిల్ల ముందు నుంచీ అల్లరిది" అంది చారలమ్మ. "ఏ మిడతనో చూసి పక్కకు పోయుంటుంది. దొర మనల్ని ముట్టలేదు, మాట మీద ఉన్నాడు."

ఆ రోజు నుంచి చినుకు ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు.

ఇంకో వారం గడిచింది. ఈసారి బుడమ పోయింది. బుడమ ఎవరో కాదు, చారలమ్మ సొంత మనవరాలు. తల్లి వెనక నాలుగడుగుల్లో నడుస్తోంది. ముల్లు గుచ్చుకుని ఆగింది. తల ఎత్తి చూసేసరికి ఎటు చూసినా గడ్డే. ఆ తర్వాత బుడమని ఎవరూ చూడలేదు.

ఇప్పుడైనా చారలమ్మ కళ్ళు తెరుస్తుందని మీరు అనుకుంటారు. గోరింటా అలాగే అనుకుంది. కానీ చారలమ్మ ఇంకా బిగుసుకుపోయింది. తోకలు దించడం తప్పని ఒప్పుకుంటే, బుడమ పోయింది తన వల్లే అని ఒప్పుకోవాలి కదా. దానికంటే "దాని తల్లికి జాగ్రత్త లేదు" అనడం తేలిక. అదే అంది.

ఆ మర్నాడు గోరింట వాగు ఒడ్డున నత్తల కోసం మూతితో తవ్వుతుంటే, అవతలి ఒడ్డు నుంచి ఎవరో పిలిచారు. కోరన్న. గోరింటకు అన్న. ఒకప్పుడు ఇదే మందలో పెరిగినవాడు. కోరలు పెద్దవయ్యాక ఆచారం ప్రకారం బయటికి పంపేశారు.

"దగ్గరికి రాను, భయపడకు" అన్నాడు కోరన్న. "ఒక మాట చెప్పి పోతాను. మీ పిల్లలు ఎక్కడికి పోతున్నారో నేను చూశాను."

గోరింట తవ్వడం ఆపి మూతి ఎత్తింది.

"బీడు మధ్యలో చెదల పుట్ట ఉంది చూడు, దాని వెనక పడుకుంటాడు మచ్చల దొర. మీరు దాటేదాకా కదలడు. మీరంతా వెళ్ళిపోయాక, గడ్డిలో ఎవరైనా మిగిలారేమో అని వింటాడు. దారి తప్పిన పిల్ల ఏడుస్తుంది కదా. ఆ ఏడుపు పట్టుకుని వెళ్తాడు. మొగ్గని అలాగే తిన్నాడు, బుడమనీ అలాగే. నేను చెట్టు మీద ఉన్నాను. ఒక్కణ్ణి, ఏం చేయగలను?"

"మందని ముట్టనన్నాడే!" అంది గోరింట.

"ముట్టలేదుగా. మందలోంచి తప్పిపోయినదాన్నే తిన్నాడు. తప్పిపోయేలా చేసింది ఎవరు? తోకలు దించమన్నది అందుకేనమ్మా. ఒకప్పుడు మీలో ఒకదాన్ని పట్టాలంటే పాతికమంది కళ్ళు తప్పించుకోవాలి. ఇప్పుడు పడుకుని ఉంటే చాలు, తిండి తనంతట తనే మిగులుతోంది. ఒంటరిగా ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాకు కోరలున్నాయి. మొగ్గకు పాలపళ్ళు."

గోరింట పరుగున వెళ్ళి చారలమ్మతో అంతా చెప్పింది. మంద చుట్టూ చేరింది. చారలమ్మ అంతా విని, ఒక్కటే అడిగింది.

"ఎవరు చెప్పారు?"

"కోరన్న."

"మగవాడు! పసిపిల్లల దగ్గరికి రానివ్వని మగవాడి మాట పట్టుకుని నా దగ్గరికి వచ్చావా? మొగ్గనీ బుడమనీ వాడే కరిచి చంపాడేమో, ఎవరికి తెలుసు?"

మంద అవునవునంది. అదే వాళ్ళు చేసిన తప్పు. ఆచారం మందలోకి రానివ్వొద్దంది కానీ చెవులు మూసుకోమనలేదు. వాళ్ళు ఆ రెండూ ఒకటే అనుకున్నారు.

గోరింటకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ సాయంత్రం కొమ్మ మీద ముగ్గురు పిల్లల్నీ పొట్టకు హత్తుకుని, ఒక్కొక్కరి ఒళ్ళూ దువ్వుతూ పురుగులు తీసింది. పిందె దగ్గరికి వచ్చేసరికి గోరింట మనసు ఆగలేదు. అందరికంటే వెనక నడిచేది అదే. ఆగి ఆగి చూసేది అదే.

"రేపు నా వెనకే ఉండాలి. ఒక్క అడుగు కూడా తేడా రాకూడదు" అంది.

"నాకు నీ తోక కనబడటం లేదమ్మా" అంది పిందె. "గడ్డి ఒక్కటే కనబడుతోంది."

మర్నాడు మంద బీడులో దిగింది. అందరూ తోకలు నేల మీద ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. గోరింట ప్రతి నాలుగడుగులకూ వెనక్కి మూతి పెట్టి చూసుకుంటోంది. గింజ ఉంది. తొన ఉంది. పిందె ఉంది. ఇంకో నాలుగడుగులు. గింజ, తొన, పిందె. ఇంకో నాలుగు. గింజ, తొన.

పిందె లేదు.

గోరింట ఆగిపోయింది. ఎక్కడో వెనకాల, సన్నగా, కీచుమని ఒక గొంతు. గాలికి గడ్డి అంతా ఊగుతోంది. ఆ గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియడం లేదు. వెనక్కి పరిగెత్తితే? గింజా తొనా తప్పిపోతారు. నడుచుకుంటూ పోతే? మొగ్గ తల్లిలా బీడు అంచున నిలబడి చీకటి పడేదాకా చూడాలి.

గోరింట తోక ఎత్తింది.

ఎత్తడమంటే భయంభయంగా ఎత్తడం కాదు. నిటారుగా, ఆకాశానికి గుచ్చినట్టు నిలబెట్టింది. గొంతెత్తి అరిచింది. "పిందే! ఇటు చూడవే! అమ్మ ఇక్కడుంది!"

ముందు నడుస్తున్న చారలమ్మ గిర్రున తిరిగింది. "దించు! మతి పోయిందా? నీ ఒక్క పిల్ల కోసం ఇరవై నాలుగు ప్రాణాలు తీస్తావా?"

"మొగ్గా ఒక్క పిల్లే అమ్మమ్మా. బుడమా ఒక్క పిల్లే. ఇరవై నాలుగూ ఒక్కొక్కటిగానే పోతాయి."

"నువ్వు ఇక మందలో లేవు!"

"సరే. నా పిల్ల వచ్చాక వెళ్తాను. అప్పటిదాకా ఈ తోక దిగదు."

అప్పుడు ఎడమ పక్క గడ్డి చీలింది. మచ్చల దొర మెల్లగా బయటికి వచ్చాడు. గోరింటకు పది అడుగుల్లో నిలబడ్డాడు. గింజా తొనా తల్లి పొట్ట కిందికి దూరారు. మందంతా కొయ్యబారిపోయింది.

"ఒప్పందం తప్పావు" అన్నాడు దొర. "తోక దించు."

గోరింట కాళ్ళు వణుకుతున్నాయి. అబద్ధం ఎందుకు, బాగా వణుకుతున్నాయి. కానీ తోక వణకలేదు.

"దించను" అంది.

వెనక గడ్డిలో ఇంకో తోక లేచింది. అది చినుకు పిన్నిది. దాని మొగ్గ ఇక రాదు. ఆ తోక చూసుకుని దాని వెనక నడిచే పిల్ల ఇక లేదు. అయినా ఎత్తింది. వచ్చి గోరింట పక్కన నిలబడింది.

మచ్చల దొర గొంతు మార్చాడు. తేనె పూసినట్టు మాట్లాడాడు. "గోరింటా, నీకు ఇంకా ఇద్దరున్నారు. చక్కటి పిల్లలు. తోక దించి వాళ్ళని తీసుకుపో. ఈ ఇద్దరినీ ఏనాడూ ముట్టనని నీకు విడిగా మాటిస్తాను. ఒక్కదాన్ని మరిచిపో, అంతే. తోక దించు."

"నాకు ముగ్గురు" అంది గోరింట. "మొగ్గనీ బుడమనీ కలిపితే ఐదుగురు. దించను."

ఒకటి, మూడు, ఏడు, పది. గడ్డి మీద తోకలు లేచాయి. ఇన్నాళ్ళూ మట్టిలో ఈడ్చి ఈడ్చి చివర్లు అరిగిపోయిన తోకలు. ఒక్కొక్కరూ గోరింట వైపు జరిగారు. పిల్లల్ని మధ్యలోకి నెట్టారు. ఎవరో పళ్ళు కటకటలాడించారు. అది చూసి అందరూ మొదలుపెట్టారు.

దొర ఈసారి గోరింట వైపు చూడలేదు.

"చారలమ్మా" అన్నాడు. "మంద నీది. మాట ఇచ్చింది నువ్వు. తోకలు దించమని నువ్వు చెప్పు."

అందరూ చారలమ్మ వైపు చూశారు. ఒక్క చారలమ్మ తోకే నేల మీద ఉంది. ముసలిది మెల్లగా నడుచుకుంటూ ముందుకు వచ్చింది. గోరింటను దాటి, చినుకును దాటి, దొరకు ఎదురుగా నిలబడింది.

"బుడమని నువ్వే తిన్నావా?" అని అడిగింది.

"మందలో లేనిదాన్ని తిన్నాను" అన్నాడు దొర. "నేను మాట తప్పలేదు."

"అది నా మందే" అంది చారలమ్మ. "తప్పిపోయినా నా మందే. ఆ సంగతి నీకు ఆ రోజే చెప్పాల్సింది. నాకు నోరు రాలేదు. ఇవాళ వచ్చింది."

ఆ ముసలి తోక కీళ్ళు పట్టేసినట్టు, తడవకు కాస్త చొప్పున పైకి లేచింది. నిటారుగా నిలబడింది.

"దించం" అంది చారలమ్మ.

మచ్చల దొర పంజా ఎత్తితే ఒకరిద్దరు పోయేవారే. అందులో సందేహం లేదు. కానీ పొంచి ఉండి పట్టే జంతువుకు ఒక కష్టం ఉంది. అందరి కళ్ళలో పడ్డాక దానికి వేట సాగదు. వాటిలో విడిగా ఎవరున్నారా అని దొర అటూ ఇటూ చూశాడు. ఎవరూ విడిగా లేరు. ఎటు చూసినా పళ్ళూ, తోకలూ, కళ్ళూ.

సరిగ్గా అప్పుడే కుడి పక్క గడ్డిలోంచి బుడుబుడుమని పరుగెత్తుకుంటూ ఒక బుల్లి తోక వచ్చింది. పిందె! ఒంటి నిండా మట్టి. నేరుగా వచ్చి తల్లి కాళ్ళ మధ్య దూరింది.

"ఎండిపోయిన మోడు ఒకటి ఎక్కానమ్మా" అంది రొప్పుతూ. "ఎటు చూసినా గడ్డే. ఒక్క తోకా లేదు. తర్వాత ఒకటి లేచింది. నీదే. తర్వాత చాలా లేచాయి. ఎటు రావాలో చూసుకోవాలని తల కిందికి పెట్టి దిగాను. అసలు భయమే వేయలేదు!"

మచ్చల దొర ఆవులించాడు. ఆకలే లేనట్టు, అసలు ఇటు పనే లేనట్టు వెనక్కి తిరిగి, వాగు వైపు నడిచాడు. పరువు ఉండాలిగా మరి. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. కానీ అతను తోక నేల మీద ఈడ్చుకుంటూ వెళ్ళడం మందంతా చూసింది.

గోరింట ముగ్గురు పిల్లల్నీ కూడగట్టుకుంది. బీడు అంచు వైపు తిరిగి నడక మొదలుపెట్టింది.

"ఎక్కడికే?" అంది చారలమ్మ.

"మందలో చోటు లేదన్నావుగా అమ్మమ్మా. నా పిల్ల వచ్చేసింది. వెళ్తున్నాను."

తోక ఇంకా ఎత్తే ఉంది.

చారలమ్మ గబగబా వెళ్ళి దారికి అడ్డం నిలబడింది. గోరింట చెవి పట్టుకుని, పళ్ళతో మెల్లగా దువ్వి, ఒక పురుగు తీసింది. కోవాటీలు తమవాళ్ళు అనుకున్నవాళ్ళకే అలా చేస్తారు. ఇంకో చెవి కూడా దువ్వింది. అప్పుడు అంది.

"నాకు భయం వేసిందే. ఆ భయాన్నే తెలివి అనుకున్నాను. నిన్ను కాదు, నన్ను వెలివేయాలి."

"ఎవరినీ వెలివేయొద్దు అమ్మమ్మా. ఇప్పటికే ఇద్దరు తక్కువయ్యాం" అంది గోరింట.

ఆ రోజు నుంచి చారలమ్మ ముందు నడవలేదు. ముందు గోరింట నడిచేది. చారలమ్మ అందరికంటే చివర, తోక ఎత్తి, చిన్నపిల్లల వెనక నడిచేది. ఒక్క పిల్ల ఆగినా తానూ ఆగేది. మేడి తోపు అంచున కోరన్న కనబడితే ఆచారం ప్రకారం అందరూ పళ్ళు చూపించారు. కానీ తరమలేదు. అతను చెప్పేది ఏమైనా ఉందేమోనని కాస్త ఆగి విన్నారు.

మొగ్గా బుడమా తిరిగి వచ్చారా అని అడుగుతారు మీరు. నాకు తెలుసు. కథే కదా, బతికించెయ్యమంటారు. నేను బతికించను. దించిన తోకల వల్ల పోయినవాళ్ళు, తోకలు మళ్ళీ ఎత్తినంత మాత్రాన రారు. చినుకు పిన్ని మాత్రం రోజూ బీడు దాటేటప్పుడు తోక అందరికంటే నిటారుగా ఎత్తేది. దాన్ని చూసుకుంటూ వెనకాల పిందె నడిచేది.

ఇప్పటికీ ఆ దేశాల్లో కోవాటీలు గడ్డిలో నడిచేటప్పుడు తోకలు పైకే నిలబెడతాయి. ఎప్పుడైనా బొమ్మల పుస్తకంలో కనబడితే చూడండి. దించమని చెప్పి చూడండి, దించుతాయేమో!

నీతి: పిల్లలకు దారి చూపించే తోకను ఎంత పెద్ద దొర దించమన్నా దించకూడదు. భయపడి దించామా, సిగ్గుపడకుండా మళ్ళీ ఎత్తాలి.